కోతలయ్యాక ఎలుకలు ఎక్కడికి పోతాయి?

దసరా పోయింది. దీపావళి కూడా అయిపోయింది. వానకాలం వరి కోతకు వచ్చింది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాలువ కింద కోత మిషన్లు తిరుగుతున్నాయి. గద్వాల, ఆత్మకూరు వైపు జూరాల కాలువల కింద కూడా అదే సందడి. నిన్నటి దాకా నడుము ఎత్తున నిలబడ్డ పంట ఒక్క పూటలో నేలకు దిగుతుంది. సాయంత్రానికి పొలం బోడిగా కనిపిస్తుంది.

మరి ఆ పొలం గట్లలో ఉన్న ఎలుకల సంగతి ఏమిటి?

వాటికి నిన్నటి దాకా తిండి ఉంది. దాక్కోవడానికి పైరు నీడ ఉంది. ఇప్పుడు రెండూ పోయాయి. పైన గద్ద తిరుగుతుంది. రాత్రి గుడ్లగూబ కాచుకుని ఉంటుంది. చలి కూడా మొదలయింది. అందుకని ఎలుకలు బయలుదేరుతాయి. కొన్ని గడ్డివాములోకి పోతాయి. కొన్ని కల్లం కాడి వడ్ల కుప్పలకు చేరతాయి. కొన్ని ఊళ్లోకి, ఇళ్లలోకి వస్తాయి. కొన్ని మాత్రం మనం అసలు అనుకోని చోటికి పోతాయి. బాయి కాడి స్టార్టరు డబ్బాలోకి పోతాయి. కొట్టంలో నిలిపిన ట్రాక్టరు ఇంజనులోకి పోతాయి. మందు కొట్టే మిషను, నూర్పిడి మిషను, మోటారు సైకిలు, ఏదీ వదలవు.

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016లో చీలి చాలా జిల్లాలయ్యాయి. 2019లో నారాయణపేట కూడా వేరయింది. ఎలుకలకు మాత్రం ఏ హద్దూ లేదు. నీళ్లున్న మిర్యాలగూడలోనూ అవే, మెట్ట చేన్ల దేవరకొండ, కల్వకుర్తిలోనూ అవే. మెట్టలో కంది, పత్తి, ఆముదం చేన్ల గట్లలో ఉంటాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగిలో పల్లి వేస్తారు. ఆ పల్లి కాయ ఎలుకకు పండుగ భోజనం.

ఏ ఎలుక ఎక్కడ ఉంటుంది?

అన్నీ ఒక్కటే ఎలుకలు కావు. చిట్టెలుక చిన్నది, బొటనవేలంత ఉంటుంది. గట్టు మీద చిన్న బొక్కలో ఉండేది ఒక రకం. ఇంట్లో బియ్యం డబ్బా వెనుక ఉండేది ఇంకో రకం. ఇంటి ఎలుక పెద్దది. దాని తోక ఒంటి కన్నా పొడుగు. గోడ ఎక్కుతుంది, వాసం మీద నడుస్తుంది, వైరు మీద కూడా నడుస్తుంది. పందికొక్కు ఇంకా పెద్దది. నేల తవ్వడంలో దానికి సాటి లేదు. గట్టు కింద పొడుగాటి దారులు తవ్వి, వరి కంకులు కొరికి తెచ్చి లోపల దాచుకుంటుంది. కొట్టం గోడ కింద తవ్వేది కూడా అదే. దీనితో పిల్లి కూడా పోట్లాటకు వెనకాడుతుంది. పిల్లి ఉంది గదా అని ధీమాగా ఉండొద్దు. పిల్లి చిట్టెలుకకు పనికొస్తుంది, పందికొక్కుకు పనికిరాదు.

ఇంకొకటి ఉంది, చుంచు. ముక్కు పొడుగ్గా ఉంటుంది, కీచుకీచుమంటుంది, కంపు కొడుతుంది. చూసిన వాళ్లందరూ దాన్ని ఎలుకే అనుకుంటారు. అది ఎలుక జాతి కాదు. అది తినేది ఎక్కువగా బొద్దింకలు, పురుగులు. వైర్లు కొరికే పని దానిది కాదు. కంపు కొడుతుందని చంపుతారు గాని, పాపం, అది చేసే నష్టం తక్కువ.

వైరులో ఏముందని కొరుకుతుంది?

వైరులో తిండి లేదు. మరి ఎందుకు కొరుకుతుంది? దీనికి జవాబు ఎలుక పళ్లలో ఉంది.

మనిషికి పళ్లు ఒక ఎత్తు దాకా పెరిగి ఆగిపోతాయి. ఎలుక ముందు పళ్లు ఆగవు. పైన రెండు, కింద రెండు, ఈ నాలుగు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు అరగదీసుకోవాలి. లేకపోతే నోరు మూతపడదు, తిండి తినలేదు. పైగా ఆ పళ్ల ముందు భాగం గట్టి, వెనుక భాగం మెత్తన. కొరికిన కొద్దీ వెనుక భాగం ముందుగా అరుగుతుంది. అందుకే పంటి అంచు ఉలి లాగా ఎప్పుడూ పదునుగా ఉంటుంది. కొడవలికి సాన పట్టాలి. ఎలుక పంటికి ఆ అవసరం లేదు.

కట్టె, సబ్బు, ప్లాస్టిక్ పైపు, రబ్బరు, వైరు మీది తొడుగు, ఏది దొరికితే అది కొరుకుతుంది. సన్న కంతను పెద్దది చేసుకోవడానికి కొరుకుతుంది. గూడు కోసం గుడ్డ పీలికలు, సీటు లోపలి స్పాంజి, గాలి ఫిల్టరు కాగితం చింపుకుని పోతుంది. ఆ మెత్తటి గూట్లో పిల్లలు పెడుతుంది. ఎలుక కడుపుతో ఉండేది మూడు వారాలే. ఒక్క ఈతలో 6, 8 పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్లీ పిల్లలు పెట్టే ఈడుకు వస్తాయి. దీపావళికి కొట్టంలో చేరిన ఒక్క జంటను వదిలేస్తే, సంక్రాంతికి దాని సంసారం ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

స్టార్టరు డబ్బాలో ఎలుక

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. కొంచెం నిదానంగా చదవండి.

ఒకప్పుడు బాయి ఒడ్డున మోటరు కొట్టం ఉండేది. మోటరు కంటికి కనిపించేది. ఇప్పుడు ఎక్కువగా బోర్లే. మోటరు బోరు లోపల, ఎంతో లోతున ఉంటుంది. పైన కనిపించేది ఇనుప డబ్బా, దాంట్లో స్టార్టరు, దాని నుంచి బోరులోకి దిగే కేబుల్. ఆ డబ్బా ఒక కర్రకో బండరాయికో కట్టి ఉంటుంది. కింద వైర్లు పోవడానికి కంత పెడతారు. ఆ కంతను ఎవరూ మూయరు.

మోటరు నడుస్తున్నంత సేపు స్టార్టరు లోపలి కాయిల్ వెచ్చగా ఉంటుంది. చలి రాత్రి ఎలుకకు ఇంకేం కావాలి? వాన పడదు, చలి పెట్టదు, పిల్లి రాదు. ఎలుక చేరుతుంది. చీమలు, బల్లులు కూడా చేరతాయి. ఒకనాటి పొద్దున రైతు పోయి బటన్ నొక్కుతాడు. మోటరు గుయ్యిమంటుంది గాని నీళ్లు రావు. మెకానిక్‌ను పిలుచుకొస్తాడు. వాళ్ల మధ్య మాటలు ఏ ఊళ్లో అయినా ఇట్లాగే ఉంటాయి.

"ఏందన్నా, మోటరు గుయ్యిమంటుంది గాని నీళ్లు పోస్తలేదు."

"ఒక ఫేజు పోయింది తమ్మీ. ఇగో చూడు, ఎలుక వైరు కొరికింది. ఎంత సేపు నడిపించినవ్?"

"నీళ్లు వస్తయేమో అని కొద్దిసేపు ఆగి చూసిన."

"ఆ కొద్దిసేపట్లనే కాలింది. ఇంక మోటరు పైకి గుంజుడే."

అసలు ఏం జరిగింది? బోరు మోటరుకు మూడు వైర్ల మీద కరెంటు వస్తుంది. వీటినే మూడు ఫేజులు అంటారు. ముగ్గురు మనుషులు కలిసి ఒక బరువు మూట మోస్తున్నారనుకోండి. మధ్యలో ఒకడు వదిలేస్తే మిగతా ఇద్దరి మీద భారం పడుతుంది. వాళ్లు కొంత దూరం మోస్తారు, తర్వాత కూలబడతారు. మోటరు కూడా అంతే. ఎలుక ఒక వైరును కొరికి తెంపితే మిగతా రెండు వైర్ల మీద కరెంటు ఎక్కువ పోతుంది. మోటరు లోపలి రాగి తీగ చుట్టు వేడెక్కుతుంది. తీగ మీది పూత మాడుతుంది. దాన్నే మోటరు కాలింది అంటాం. అప్పుడు పైపులన్నీ పైకి గుంజాలి, కొత్త తీగ చుట్టించాలి, మళ్లీ దింపాలి. ఆ ఖర్చు ఎంతో బోర్లున్న ప్రతి ఇంటికీ తెలుసు. ఈ లోపల నారుమడి ఎండుతుంది.

ఇట్లాంటప్పుడు మోటరును కాపాడటానికే స్టార్టరులో ఒక రిలే ఉంటుంది. కరెంటు ఎక్కువ పోతే అది మోటరును ఆపేస్తుంది. ఊరికే ఆగిపోతుందని కొందరు దానికి పుల్ల అడ్డం పెడతారు. వాకిట్లో కుక్క మొరుగుతుందని దాని మూతి కట్టేసి పడుకున్నట్టు ఉంటుంది ఈ పని. రిలే ఊరికే ఆగదు. ఏదో కారణం ఉంటేనే ఆగుతుంది.

మోటరు కాలితే పైసలు పోతాయి. ఇంకో ప్రమాదం ఉంది. అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఎలుక వైరు మీది తొడుగు కొరికినప్పుడు లోపలి తీగ బయటపడుతుంది. ఆ తీగ ఇనుప డబ్బాకు తగిలితే డబ్బా అంతటికీ కరెంటు వస్తుంది. డబ్బాకు ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్త్ లేకపోతే కరెంటు డబ్బా మీదనే కాచుకుని ఉంటుంది. డబ్బా చూడడానికి మామూలుగానే ఉంటుంది. రైతు పొలంలోంచి తడి కాళ్లతో వస్తాడు. చెప్పులు గట్టు మీద ఉంటాయి. మూత తీయడానికి చెయ్యి పెడతాడు. మన జిల్లాల్లో ఇట్లా ఎంతమంది ఆడవాళ్లు భర్తలను పోగొట్టుకున్నారో ఊరూరా తెలుసు.

అందుకే ఈ పనులు చేయాలి. వైర్లు పోయే కంత చుట్టూ గిన్నెలు తోమే స్టీలు పీచు గట్టిగా కూరాలి. దాని మీద సిమెంటు గాని, ఎంసీల్ గాని పెట్టాలి. ఒట్టి గుడ్డ కూరితే లాభం లేదు, ఎలుక దాన్ని గూటికి తీసుకుపోతుంది. ఈ పని కరెంటు బందు చేయించిన తర్వాతే, తెలిసిన మనిషి చేతనే చేయించాలి. డబ్బా మూతకు గొళ్లెం ఉండాలి. డబ్బా నేల మీద కాకుండా రొమ్ము ఎత్తున ఉండాలి. డబ్బా చుట్టూ గడ్డి, పొదలు కొట్టేయాలి. ఎర్త్ తీగ ఉందో తెగిందో చూడాలి. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. మూత తీసే ముందు టెస్టరు పెట్టి చూడాలి. పొడి చెప్పులు వేసుకుని, పొడి చెక్క మీద నిలబడాలి. టెస్టరు వెలిగితే ముట్టుకోవద్దు. లైన్‌మన్‌ను పిలవాలి, లేదా 1912 నంబరుకు ఫోను చేయాలి. ట్రాన్స్‌ఫార్మరు కాడ ఫ్యూజు పీకడం రైతు పని కాదు, ఎంత తెలిసినా కాదు.

కేబుల్ బోరులోకి దిగే చోట కూడా ఎలుక కొరుకుతుంది. అక్కడ కేబుల్‌ను ఇనుప పైపులో నుంచి పోనివ్వాలి. బోరు మూతికి మూత వేయాలి. వాడకుండా వదిలేసిన బోర్లకు కూడా మూత వేయాలి. అది ఎలుకల కోసం కాదు, పిల్లల కోసం.

ఎలుక వెనుక ఎవరొస్తారు?

ఎలుక ఉన్న చోటికి పాము వస్తుంది. ఇది సామెత కాదు, కంటితో చూసే సంగతి. నాగుపాము, రక్తపింజర రెండూ ఎలుకల కోసం తిరుగుతాయి. కట్లపాము రాత్రిపూట ఇళ్ల చుట్టూ తిరుగుతుంది. ఎలుక బొక్కలోనే పాము ఉంటుంది. ఎలుకను తిని దాని ఇంట్లోనే పడుకుంటుంది. స్టార్టరు డబ్బా కింద, పైపుల కట్ట కింద, తాటిపత్రి మడతల్లో, గడ్డివాము అడుగున చుట్టుకుని ఉంటుంది.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టారు. అంతకు ముందు కరెంటు రాత్రి ఏ జామునో వచ్చేది. రైతులు చీకట్లో బాయి కాడికి ఉరికేవాళ్లు. ఆ రోజుల్లో పాము కాటుకు పోయిన వాళ్లు ఎందరో. ఇప్పటికీ రాత్రి పోవాల్సి వస్తే బ్యాటరీ లైటు లేకుండా పోవద్దు. చేతి కన్నా ముందు కట్టె పోవాలి. కట్టెతో డబ్బాను నాలుగు సార్లు తట్టాలి. అదీ పొడి కట్టె.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయొద్దు. కరిచిన కాలు గాని చెయ్యి గాని కదలకుండా ఉంచి వెంటనే 108కి ఫోను చేయాలి. సర్కారు దవాఖానకు పోవాలి. పాము విషానికి సూది మందు అక్కడ ఉంటుంది. మంత్రం కాడ పోయిన గంట తిరిగి రాదు.

జెర్రిపోతు విషం లేని పాము. దానికి ఎలుకలే తిండి. దాన్ని చంపితే ఎలుకలకు మేలు చేసినట్టే. గుడ్లగూబ కూతను అపశకునం అంటారు. రాత్రంతా ఎలుకలు పట్టి తినే పిట్ట అది. దాన్ని రాళ్లతో కొట్టి తరమడం ఏ విధంగానూ మంచిది కాదు.

ట్రాక్టరు, మిషన్లు

దున్నకాలు అయిపోయాక ట్రాక్టరు కొద్ది రోజులు ఊరికే ఉంటుంది. నూర్పిడి మిషను అయితే నెలల తరబడి ఊరికే ఉంటుంది. కోత మిషన్ల సంగతి కూడా అంతే, సీజను అయితే వాటిని ఒక మూలకు నిలుపుతారు. వాటి సందుల్లో వడ్లు, తాలు, గడ్డి ఇరుక్కుని ఉంటాయి. అది ఎలుకకు పిలిచి పెట్టిన విందు. మిషను నిలిపే ముందు మూతలు తీసి, దులిపి, గాలి కొట్టించి, ఆరబెట్టి పెట్టాలి. ఇందులో ఒక పూట పని ఉంది. ఈ ఒక్క పని చేస్తే సగం బెడద పోతుంది.

ట్రాక్టరును గడ్డివాము పక్కన నిలపొద్దు. నీడ ఉంది గదా అని చాలా మంది అక్కడే నిలుపుతారు. వాము నుంచి ఇంజనుకు ఎలుకకు నాలుగు అంగలు కూడా ఉండవు. పొగ గొట్టం మీద ఖాళీ డబ్బా బోర్లించాలి. ఇంజను మీద మళ్లీ స్టార్టు చేసే ముందు తీయాలని రాసి పెట్టుకోవాలి, మరిచిపోతారు. చాలా రోజులు నిలిపేటట్టయితే బ్యాటరీ తీగ ఒకటి విప్పి పెట్టాలి. అప్పుడు ఎలుక వైరు కొరికినా మంట లేవదు. వారానికి ఒకసారి స్టార్టు చేసి కాసేపు నడిపిస్తే ఎలుక అక్కడ కాపురం పెట్టదు. కొందరు ట్రాక్టరు బానెట్ ఎత్తి ఉంచుతారు. ఎలుకకు చీకటి ఇష్టం, వెలుతురు గాలి తగిలితే ఉండదు. కొట్టం లోపల నిలిపినప్పుడు ఇది మంచి పద్ధతే.

స్టార్టు చేసే ముందు మూడు చోట్ల చూడాలి. గాలి ఫిల్టరు, డీజిలు పైపు, బ్యాటరీ కాడి వైర్లు. డీజిలు పైపు కొరికి ఉంటే డీజిలు కారి వేడి ఇంజను మీద పడుతుంది. మంటలు లేస్తాయి. ఫిల్టరులో గూడు ఉంటే ఇంజను నల్ల పొగ పోస్తుంది, బలం తగ్గుతుంది. డ్రైవరు పంపు చెడిందనుకుని పంపు విప్పిస్తాడు. అసలు దొంగ ఫిల్టరులో నిద్రపోతూ ఉంటుంది.

పొగాకు కాడలు, కలరా ఉండలు, మిరపపొడి పెట్టే వాళ్లున్నారు. వాసన ఉన్న నాలుగు రోజులు పనిచేస్తాయేమో గాని, తర్వాత ఎలుకలు వాటి పక్కనే తిరుగుతాయి. చెవికి వినిపించని శబ్దం చేస్తుందని బజారులో ఒక మిషను అమ్ముతారు. దానికి కూడా ఎలుకలు అలవాటు పడతాయి. ఆ పైసలతో రెండు రేకులు, ఒక జాలి కొనుక్కుంటే మేలు.

కంత ఎంత ఉంటే ఎలుక పడుతుంది?

ఒక పెన్సిలు తీసుకోండి. తలుపు కింద, గోడ సందులో, పైపు చుట్టూ దూర్చి చూడండి. పెన్సిలు పోయిందంటే చిట్టెలుక కూడా పోతుంది. బొటనవేలు పోయిందంటే పెద్ద ఎలుక పోతుంది. ఎలుకకు తల పడితే చాలు, ఒళ్లు దానంతట అదే పడుతుంది.

కాబట్టి జాలి కొనేటప్పుడు పావు అంగుళం కన్నా పెద్ద కన్నాలు ఉండొద్దు. కట్టె తలుపు అడుగున ఒక జానెడు ఎత్తు రేకు కొట్టించాలి. షట్టరు కింద సందు ఉంటే సిమెంటు గడప పోయించాలి. గోడ కింద పందికొక్కు తవ్విన బొక్కలో పగిలిన సీసా పెంకులు, కంకర వేసి సిమెంటు పోయాలి. ఒట్టి మట్టితో మూస్తే తెల్లారేసరికి మళ్లీ తెరుస్తుంది. గోడ చుట్టూ రెండడుగుల మేర సామాను లేకుండా ఊడ్చి ఉంచితే మంచిది. ఎలుక ఎప్పుడూ గోడ పక్కనే, మీసాలు గోడకు తగిలేటట్టు నడుస్తుంది. ఖాళీ నేల దాటాలంటే దానికి భయం. గోడ అంచున నల్లటి జిడ్డు మరక, నల్ల గింజల్లాంటి పెంటికలు కనిపిస్తే అదే దాని బాట.

బస్తాలు నేల మీద వేయొద్దు, గోడకు ఆనించొద్దు. చెక్కల మీద వేసి, గోడకు అడుగున్నర ఎడం ఉంచాలి. పాతకాలం వాళ్లు గుమ్మిని రాళ్ల మీద నిలబెట్టి, పేడ మట్టితో సందు లేకుండా అలికేవాళ్లు. అది ఊరికే చేసింది కాదు. ఇప్పుడు రేకు గాదెలు వచ్చాయి, మూత గట్టిగా ఉంటే ఎలుక ఏమీ చేయలేదు.

ఒక లెక్క వేద్దాం. పెద్ద ఎలుక రోజుకు 25 గ్రాముల దాకా గింజలు తింటుంది. 40 ఎలుకలు కలిస్తే రోజుకు ఒక కిలో. అంటే 40 రోజుల్లో 40 కిలోల వడ్ల బస్తా ఒకటి పోతుంది. ఇది తినేది మాత్రమే. సంచి కొరికి నేల పాలు చేసేది, మూత్రం, పెంటికలతో పాడు చేసేది దీనికన్నా ఎక్కువ. ఆ మూత్రంతో ఎలుక జ్వరం వస్తుంది. బురదలో, నిలిచిన నీళ్లలో ఉన్న ఆ క్రిమి కాలి పుండ్లలోంచి ఒంట్లోకి పోతుంది. జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం దాని గుర్తులు. తొందరగా దవాఖానకు పోతే మందులతో నయమవుతుంది. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు చెడతాయి. ప్లేగు కూడా మొదట ఎలుకల నుంచి, వాటి ఒంటి మీది చిన్న పురుగుల నుంచి వచ్చేదే. 1994లో గుజరాత్‌లోని సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనం వేలకు వేలు ఊరు విడిచి పోయారు. చచ్చిన ఎలుకను తోక పట్టి గిరాటు వేయొద్దనేది అందుకే. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని తీసి, లోతుగా పూడ్చి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

బోను, మందు

ఎలుక అనుమానం మనిషి. కొత్త వస్తువు కనిపిస్తే వెంటనే దగ్గరికి రాదు. బోను తెచ్చిన రోజే పడలేదని మూలకు పారేస్తారు. బోనును గోడ వెంట, దాని బాటలో పెట్టండి. మొదటి రెండు రోజులు తలుపు మూతపడకుండా కట్టి, లోపల ఎర పెట్టండి. తిని పోనివ్వండి. మూడో రోజు తలుపు విప్పండి. ఎరకు కాల్చిన ఎండు చేప, వేయించిన పల్లీలు, నూనెలో కాల్చిన కొబ్బరి ముక్క బాగుంటాయి. బోనులో పడ్డదాన్ని ఊరి చివర వదిలితే వాసన పట్టుకుని తిరిగి వస్తుంది, లేదా పక్కింటికి పోతుంది.

ఇంట్లో, కొట్టంలో బోను చాలు. మందు జోలికి పోకుండా ఉంటేనే మంచిది. తప్పనప్పుడు బ్రోమాడియోలోన్ బిళ్లలు ఉన్నాయి. ఇందులో మందు 0.005 శాతమే ఉంటుంది. ఈ మందు పుట్టుక కథ వింతగా ఉంటుంది. 1920లలో అమెరికా, కెనడాల్లో కొన్ని ఊళ్లలో పశువులు చిన్న గాయానికే రక్తం కారి చచ్చిపోయేవి. అవి బూజు పట్టిన ఒక రకం గడ్డి తిన్నాయని తేలింది. ఆ గడ్డిలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం ఉంది. విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు దాన్ని వేరు చేశారు. దాని నుంచి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారులోకి వచ్చింది. 1954 నుంచి అదే మందును తక్కువ మోతాదులో, రక్తనాళాల్లో గడ్డలు కట్టే మనుషులకు డాక్టర్లు ఇస్తున్నారు. బ్రోమాడియోలోన్ కూడా ఆ కుటుంబానిదే. ఇది తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు పడుతుంది. అందుకని మిగతా ఎలుకలకు అనుమానం రాదు. పొరపాటున పిల్లలు గాని, కుక్క గాని తింటే దీనికి విరుగుడు ఉంది. కాని వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి, బిళ్లల పొట్లం కూడా వెంట తీసుకుపోవాలి.

జింకు ఫాస్ఫైడ్ నల్లటి పొడి. దీనికి విరుగుడు లేదు. ట్యూబులో వచ్చే పేస్టు మందు కూడా అట్లాంటిదే, అది కాలేయాన్ని పాడు చేస్తుంది. మొదటి రోజు మామూలుగా ఉన్నట్టు కనిపించి, నాలుగో రోజు మనిషి పోతాడు. చిన్న పిల్లలు పళ్లపొడి అనుకుని నోట్లో పెట్టుకున్నారు. కోపంలో, బాధలో ఉన్న మనుషులు చేతికి అందింది తాగారు. అందుకే ఈ రెండూ ఇంట్లో ఒక్క రోజు కూడా ఉంచొద్దు.

ఎలుకలకని, అడవి పందులకని చేను చుట్టూ తీగ కట్టి కరెంటు పెట్టే వాళ్లున్నారు. అది నేరం. తెల్లారి చూస్తే ఆ తీగ మీద పడి ఉండేది పక్క చేను రైతు కావచ్చు, పెట్టినవాడి కొడుకే కావచ్చు.

ఒక్కడు చేస్తే చాలదు

ఒక రైతు తన గట్లలో ఎలుకలను తీసేస్తే నెల తిరక్కుండా పక్క గట్ల నుంచి కొత్తవి వస్తాయి. ఖాళీ ఇల్లు కనిపిస్తే కిరాయిదారు రాకుండా ఉంటాడా? అందుకని ఒక కాలువ కింద, ఒక చెరువు కింద ఉన్న రైతులందరూ కలిసి ఒకే వారంలో ఈ పని పెట్టుకోవాలి. యాసంగి నాట్లకు ముందు గట్లు చెక్కేటప్పుడు బాగా కుదురుతుంది. పొట్ట దశ వచ్చాక చేస్తే ఎలుక మీ ఎర ముట్టదు, ఎదురుగా తీపి కంకులు ఉండగా దానికి మీ నూకలెందుకు?

పద్ధతి ఇది. మొదటి రోజు సాయంత్రం గట్ల మీది బొక్కలన్నీ మట్టితో మూయాలి. మరునాడు పొద్దున ఏవి తెరిచి ఉన్నాయో చూడాలి. వాటిలోనే ఎలుక ఉన్నట్టు. వాటికి కట్టె పుల్ల గుర్తు పెట్టి, వాటిలో మాత్రమే బిళ్లలు వేసి, మళ్లీ మూయాలి. ఇట్లా చేస్తే మందు సగం కూడా ఖర్చు కాదు, పిట్టలకు, కోళ్లకు అందదు. గట్లు సన్నగా, గడ్డి లేకుండా ఉంచితే పందికొక్కుకు తవ్వే చోటు తగ్గుతుంది.

మందు ఎంత, ఎప్పుడు అనే సంగతులు రైతు వేదిక కాడ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగొచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ఉంది. 1966లో మొక్కల సంరక్షణ శిక్షణ కోసం మొదలైన సంస్థ అది. ఎలుకల నివారణ మీద కూడా అక్కడ శిక్షణ ఇస్తారు. ఊరి నుంచి ఇద్దరు ముగ్గురిని పంపించాలంటే, ముందుగా మండల వ్యవసాయ అధికారితో మాట్లాడి దరఖాస్తు పెట్టించాలి.